తలుపు మాట

"నేనింకా పనిలో ఉండగానే ఎవడో వచ్చి, మీ అమ్మ పంపింది, తలుపు తియ్యమంటే ఏం చేస్తుందండీ ఇది?"

రోజూ పొద్దున్నే ఇదే పాట. లిఫ్టులు బాగుచేసే మొగుడికి విని విని చెవులు చిల్లులు పడ్డాయి. పాత పుస్తకాల కొట్లో కొన్న లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ లాగి, కళ్ళు మూసుకుని ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"గార్డీలూ. ఈ మాట చెప్పినవాళ్ళకే తలుపు తియ్యాలి పిచ్చుకా. సరేనా? ఊళ్ళో ఎవడికీ తట్టదు."

పిచ్చుక వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు. బడి నుంచి వచ్చాక, తల్లి లాండ్రీ పని ముగించుకుని వచ్చేదాకా ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"అర్థమేంటి?" అంది తల్లి.

"తాళంచెవికి అర్థం ఉంటుందటే? పోనిద్దూ."

ఆవిడ పోనిచ్చే రకం కాదు. బస్సులో పక్కన కూర్చున్న కాలేజీ పిల్లని అడిగింది. ఆ పిల్ల ఫోన్లో చూసి కిసుక్కున నవ్వింది.

"పాతకాలం మాట ఆంటీ. ఇప్పుడెవరూ అనరు. ఏదో దేశంలో మేడల మీంచి వీధిలోకి మురికి కుమ్మరించే ముందు అలా అరిచేవాళ్ళట, కింద నడిచేవాళ్ళు తప్పుకోవాలని."

"మురికంటే? అంట్లు కడిగిన నీళ్ళా?"

"అవీను... రాత్రి మంచం కింద పెట్టుకున్న కుండల్లోవీను."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. లాండ్రీలో అడుగు పెడుతూనే అందుకుంది.

"చూశారా మా ఆయన నిర్వాకం! అంత పుస్తకంలో ఇంకో మాటే దొరకలేదు మహానుభావుడికి! ఇంట్లో పసిపిల్ల ఒక్కతే. ఎవరొచ్చి ఆ పాడు మాటంటే వాళ్ళకి గడియ తియ్యాలట! మందుల షాపు మీద మూడో అంతస్తులో ఇంత పరువుగా బతుకుతున్నామే, మా గుమ్మంలో ఉచ్చ కుండల కేకలా?"

ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సబ్బునీళ్ళ తొట్టి ఒంపినప్పుడల్లా "గార్డీలూ!" అని ఒకతె కేక. దుప్పట్ల మూటలు మోసేవాళ్ళూ, వ్యాన్ల వాళ్ళూ, టీ పోసేవాడూ అందరికీ అదే ఆట అయిపోయింది.

"నవ్వండి, నవ్వండి! మీ పిల్లలైతే తెలిసొచ్చేది."

"ఎందుకొదినా అంత కోపం? నోరు బాగానే తిరుగుతోందిగా!"

"నీ నోరు తిరగనీ, నా ఒళ్ళు మండుతోంది!"

మొగుడికి ఫోన్ చేసింది. "మనిషన్నవాడు పెట్టే మాటేనా అది?"

"ఎవర్నడిగావే?"

"అడక్కపోతే? అర్థం మీరు చెప్పి చచ్చారా?"

"అది కాదే, ఎవరెవరికి..."

"నోరు ముయ్యండి! కన్నకూతురికి చెప్పడానికి సిగ్గు లేదూ?" టప్పున పెట్టేసింది.

సాయంత్రం దాకా ఆగే ఓపిక లేదు. పిచ్చుక బడి నుంచి వచ్చే వేళ చూసి ఇంటికి ఫోన్ కలిపింది. పిల్లే ఎత్తింది.

"ఏమే, ఆ మాట ఇంకెప్పుడూ నీ నోట రాకూడదు. మీ నాన్నకి బుద్ధి లేదు. మంచి మాట నేను పెడతాను. విన్నావా?"

అవతల పిల్ల ఊపిరి వినబడుతోంది.

"నిన్నే! నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది.

"అలిగావా? నిన్ను అనడం లేదే తల్లీ, మీ నాన్నని. ఊఁ అను, చాలు."

వెనకాల ఎవరో తొట్టి ఒంపుతూ మళ్ళీ కేకేశారు. గదంతా గొల్లుమంది. ఒక చెవి మూసుకుని, ఫోన్ని రెండో చెవికి అదిమి పట్టింది. పిల్ల మెల్లిగా అంది.

"నువ్వు పంపిన అంకుల్ ఆ మాట చెప్పాడనే తలుపు తీశానమ్మా."