కారం లేని పప్పు

దైవాశీర్వాదం ఆవకాయ అన్నం కలుపుకుంటుంటే దాని మీద గరిటెడు పెసరపప్పు వచ్చి పడింది.

మిరపకాయ లేదు, పోపు లేదు.

"ఇదేంటండీ?"

"ముందు ఇది తిను బాబూ. ఆ ఎర్రది తర్వాత," అంది సువార్తమ్మ.

1983 నాటి మాట. అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో తెలుగువాళ్ళకి అప్పటికి సొంత చర్చి లేదు. అమెరికన్ల చర్చివాళ్ళు మధ్యాహ్నం పూట ఒక హాలు ఇచ్చేవారు. ఆరాధన అయ్యాక తలా ఒక గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఏ గిన్నె ఎవరిదో అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అంత ఆకలి, అన్ని కబుర్లు. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు.

ఆ బల్ల మీదే కాఫీ పొడి సీసాలో ఆవకాయ ఉండేది. దాని కోసం పెద్దవాళ్ళు కూడా తోసుకునేవారు. అది పాస్టరు గారి భార్య దెబోరాదని దైవాశీర్వాదం నమ్మకం.

పొద్దుట్నుంచీ మండే కడుపు ఆ ఆవకాయ ముద్ద పడగానే చల్లబడేది. అందుకని ఆవకాయే మందనుకున్నాడు, పిచ్చి మారాజు. రెండు గంటలు పోయాక మళ్ళీ మండితే ఆ నేరం ఆఫీసు ఒత్తిడి మీద వేసేవాడు.

"చర్చిలో సంస్కారం రొట్టె తీసుకునేదాకా ఏమీ తినవు కదా?" అడిగింది సువార్తమ్మ.

"తినను. మా అమ్మ అలా నేర్పింది."

"మరి ప్రార్థనలో బిళ్ళ మింగావేం?"

"ఆస్పిరినండీ, తలనొప్పికి. రోజూ రెండు మూడు వేసుకుంటాను."

"ఖాళీ కడుపున అది పడితే లోపల పుండు పడుతుంది. డాక్టర్‌కి చూపించు."

"జాబ్ కొత్తండీ. ఇప్పుడు లీవ్ అడిగితే గ్రీన్‌కార్డ్ పేపర్స్ ఫైల్ చేయరు."

ఆవిడ ఇంకో గరిటెడు వేసి వెళ్ళిపోయింది.

పక్కనున్న స్నేహితుడు జోసఫ్ నవ్వాడు. "ఆంటీకే అల్సర్ అయ్యుంటుంది రా. తనకి కారం పడదని నీకు కూడా పథ్యం పెడుతోంది."

"అసలు ఆవిడకి వంట రాదులే," అన్నాడు దైవాశీర్వాదం.

ప్రతి ఆదివారం ఇదే తంతు. ఆవిడ వేసేది. అతను పప్పుని నేప్‌కిన్ కింద దాచి చెత్తబుట్టలో పడేసేవాడు.

అక్టోబర్‌లో ఒకరోజు ఆఫీసులో కళ్ళు తిరిగి పడిపోయాడు. అంతకు రెండు రోజుల ముందు నుంచే విరేచనం తారులా నల్లగా అవుతున్నా ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు పడి రక్తం కారుతోంది.

"ఆస్పిరిన్ వాడతావా? ఖాళీ కడుపున?" అదీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న.

దైవాశీర్వాదానికి సువార్తమ్మ చేతిలో గరిటె గుర్తొచ్చింది.

రక్తం ఎక్కించారు. ఆస్పిరిన్ మాన్పించి, కడుపులో యాసిడ్ తగ్గించే బిళ్ళలు ఇచ్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. ఉద్యోగం మాత్రం ఎక్కడికీ పోలేదు. మేనేజరు పూలు కూడా పంపాడు.

ఊళ్ళో అమ్మకి తెలిస్తే బెంగపడుతుందని, చర్చిలో ఎవరికీ, జోసఫ్‌కి కూడా, కబురు చేయలేదు.

ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం ఇంత ఉప్మా తిని మరీ చర్చికి వచ్చాడు. ఈసారి పప్పు అడిగి వేయించుకోవాలని ఆవిడ కోసం హాలంతా వెతికాడు.

"నీకు తెలీదా బాబూ?" అంది దెబోరా. "సువార్తమ్మ గారికి గుండెపోటు వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూశారు. మూడు వారాలైంది."

దైవాశీర్వాదానికి తను పారేసిన పప్పంతా కళ్ళ ముందు మెదిలి సిగ్గేసింది.

భోజనాల వేళకి ఒక పెద్దాయన సంచీతో వచ్చాడు. సువార్తమ్మ భర్త. ఆదివారాలు మోటెల్‌లో డ్యూటీ ఉండటం వల్ల ఎప్పుడూ చర్చికి వచ్చేవాడు కాదు.

సంచీలోంచి కాఫీ పొడి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"తను పెట్టిన ఆవకాయ. ఇదే ఆఖరి సీసా."

దైవాశీర్వాదం దెబోరా వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆంటీకి కారం పడదు కదా, అంకుల్?" అన్నాడు జోసఫ్.

"మాది గుంటూరయ్యా. కారం లేనిదే తనకి ముద్ద దిగేది కాదు."

పెద్దాయన సంచీలోంచి ఒక గిన్నె తీసి మూత తెరిచాడు. పెసరపప్పు. కాస్త అడుగంటిన వాసన వస్తోంది.

"ఇది నేను వండాను, సరిగ్గా కుదర్లేదు. ఇక్కడెవరో అబ్బాయికి కడుపులో పుండట. అతను రావడం మానేసినా తను ప్రతి వారం వండి తెచ్చి, తిరిగి ఇంటికి పట్టుకొచ్చేది."

దైవాశీర్వాదం ప్లేటు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏదో ఒక ఆదివారం వస్తాడు, పప్పు మాత్రం మానొద్దని నాకు చెప్పి పోయింది, పేరు చెప్పలేదు... ఆ అబ్బాయి ఎవరండీ?"