స్తంభం దిగని మొహం

“దంచడానికా? ఎవర్ని దంచుతావయ్యా? ముందు నిచ్చెన దిగు!”

బోజెనా చీపురుకర్ర ఎత్తింది. నిచ్చెన మీది మనిషి వీధిదీపం స్తంభాన్ని గబుక్కున కౌగిలించుకున్నాడు.

“దంచడం కాదు తల్లీ, దించడం! ఈ పోస్టరు దించడానికొచ్చాను.”

“అలా చెప్పు మరి. పోలండు నుంచి మొన్న చలికాలంలోనే వచ్చాను. మీ మాటలు నా చెవిలో ఇంకా తిన్నగా పడవు.” కర్ర దించింది గానీ గొంతు దించలేదు. “అయినా సరే, దించడానికి వీల్లేదు!”

సాక్సొనీ-అన్‌హాల్ట్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు ముగిసి వారం దాటింది. అయిదు శాతం ఓట్లు దాటని పార్టీని అక్కడ సభ గడప దాటనివ్వరు. ఎకార్ట్ లోమన్ పార్టీ దాటలేదు. మాగ్దెబుర్గ్ నగరంలో స్తంభాలన్నీ ఎక్కిన ఆయన మొహం సభకు మాత్రం ఎక్కలేదు. ఓటు దాకా వెంట తిరిగిన కార్యకర్తలు ఓటమి రాగానే వెనుదిరిగారు. దాంతో తన మొహాన్ని తనే దించుకుంటూ ఊరంతా తిరుగుతున్నాడు. ఈ స్తంభాన్ని ఆఖరుకి ఉంచుకున్నాడు.

నెత్తిన టోపీ, చెంపల నిండా మాసిన గడ్డం. పోస్టరులోని నున్నటి నవ్వుకీ ఈ మనిషికీ పోలిక ఉందంటే పందెం కాయాల్సిందే. బోజెనా పోల్చుకోలేదు.

“ఎందుకు వీల్లేదు?” అంటూ నిచ్చెన దిగాడతను.

“నేను చూసుకునే పెద్దాయన, క్రెబ్స్ గారు, ఆ మొహం కనబడితేనే తింటాడు. అదిగో, ఆ కిటికీలోంచి చూస్తాడు. పక్షవాతం వచ్చి సగం మాట పోయింది, సగం మతి పోయింది. నేనొచ్చిన కొత్తలో చెంచా పెడితే మొహం తిప్పేసేవాడు. ఎముకల గూడైపోయాడు. ముక్కులో గొట్టం వేయాల్సిందేనన్నాడు డాక్టరు. ఇంతలో ఎవరో ఈ పోస్టరు కట్టారు. ‘వచ్చాడా వీడు!’ అని గిన్నెడు సూపు తాగేశాడు! వాడు తన తమ్ముడట. అప్పట్నుంచీ తిట్టుకో చెంచా, చెంచాకో తిట్టు.”

“ఏమని తిడతాడు?”

“గోడ దూకాడు, వాడి మొహం నాకు చూపించొద్దు, అని. ఆ రోజుల్లో బెర్లిన్ గోడ దూకి పారిపోయిన తమ్ముడు నిజంగానే ఉన్నాడేమో, పాపం. కానీ పేరు చూడు, పోస్టరు మీద లోమన్ అని ఇంతేసి అక్షరాలు. ఈయనేమో క్రెబ్స్. తమ్ముడెలా అవుతాడు?”

“ఎలా అవుతాడు,” అన్నాడతను, స్తంభానికున్న ప్లాస్టిక్ పట్టీ వంకే చూస్తూ.

“అసలు ఈ సందు చివర దారే లేదు. ఉన్నది మా ఒక్క ఇల్లు. ఇక్కడ పోస్టరు కట్టిన బుద్ధిమంతుడెవడో!”

“బుద్ధిలేనివాడే అయ్యుంటాడు.”

సైకిలు గంట మోగింది. పోస్టర్ల తనిఖీకి తిరుగుతున్న నగరపాలక ఉద్యోగిని టీట్సె దిగింది.

“లోమన్ గారూ, ఇదొక్కటే మిగిలింది. గడువు ఇవాళే. మీరు దించకపోతే రేపు మావాళ్ళు చించుతారు.” పోస్టరును ఎగాదిగా చూసింది. “పోయిన ఎన్నికల్లో మీ పార్టీ వేరు, పోస్టరు రంగు వేరు. రంగులు మార్చినంత చురుగ్గా పోస్టర్లు తీయరేమండీ?”

బోజెనా పైన మొహాన్ని చూసింది, పక్కన మొహాన్ని చూసింది.

“అది మీరేనా! ఫోటోకి ఇస్త్రీ గానీ చేయించారా?”

ఎవరూ నవ్వకముందే ఆమె మొహం మారిపోయింది. అతని చెయ్యి పట్టుకుంది.

“అయితే లోపలికి రండి బాబూ. పోస్టరు పోతే సూపు పోతుంది, సూపు పోతే గొట్టం వస్తుంది. ఒక్కసారి ఆయన ముందు తమ్ముడిలా నటించండి. తిడితే పడండి, అంతే.”

“నాకు నటించడం రాదమ్మా.”

“రాజకీయాల్లో ఉండి నటన రాదా!” అంది టీట్సె. “అందుకే అయిదు శాతం కూడా రాలేదు.”

అతను మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. పట్టీలు కోసి పోస్టరు దించాడు. మొహం లోపలి వైపుకు తిప్పి చంకలో పెట్టుకుని, టోపీ తీసి, బోజెనా వెనకే నడిచాడు.

కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో గుంటర్ క్రెబ్స్. ఒళ్ళో బంగాళాదుంప సూపు చల్లారిపోతోంది. కళ్ళు ఖాళీ స్తంభం మీదే ఉన్నాయి. పెదవులు మూసుకుపోయాయి. బోజెనా చెంచా అందిస్తే మెడ తిప్పేశాడు.

తిప్పిన వైపు గుమ్మంలో అతను కనిపించాడు.

ముసలాయన మెడ చాచి చూశాడు.

“నీ మొహం... చూపించొద్దు... అన్నానా?”

“నేను చూపించలేదన్నా. స్తంభం చూపించింది.”

ముసలాయన నోరు ఒకవైపే కదిలింది. అది నవ్వో ఏడుపో ఆ సగం మొహంలో తెలియలేదు.

“గడ్డం గీసుకోరా... గోడ దూకిన వెధవా,” అని నోరు తెరిచాడు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని చెంచా అందుకున్నాడు. ఒక్కొక్క చెంచా పట్టాడు. తిట్లు ఆగలేదు, సూపూ ఆగలేదు.

బోజెనా ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. “ఏం నటించారండీ! మీకు ఓటెయ్యనివాళ్ళకి కళ్ళు లేవు.”

“నేనూ నమ్మేశాను,” అంది గుమ్మంలోంచి టీట్సె. “ఆ ఇంటిపేరు వేరు, ఈ ఇంటిపేరు వేరు అని తెలిసి కూడా.”

అన్నగారి గడ్డానికంటిన సూపును చొక్కా చేతితో తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు ఎకార్ట్ లోమన్:

“పెళ్ళిలో నేను మా ఆవిడ ఇంటిపేరు తీసుకున్నాను.”