తొందర బాబాయి

ఆ ఒక్క స్వరం హాలంతా వినబడింది.

అరవై మందీ ఒక్కసారిగా ఆగి, మనసులో ఎనిమిది లెక్కపెట్టుకుని, మళ్ళీ ఒక్కసారిగా అందుకోవాల్సిన చోటు అది. కొత్తమ్మాయి ఆరు దగ్గరే అందుకుంది. ఆర్కెస్ట్రా మొత్తం ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో ఆమె వయోలా ఒక్కటే మూలిగింది.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు చేతిలోని పుల్ల దించాడు.

"ఎవరది?"

కొత్తమ్మాయి ఏడాదిగా ప్రొబేషన్‌లో ఉంది. ఉంచాలో పంపాలో వచ్చే వారమే తేలుస్తారు. ఇక్కడికి రాకముందు ఏడు ఊళ్ళు తిరిగి, ఏడు చోట్లా పరీక్షలో మొహం కనబడకుండా తెర వెనక కూర్చుని వాయించి, ఏడు చోట్లా ఉసూరుమంటూ వెనక్కొచ్చిన పిల్ల. పైగా కండక్టరు మొన్ననే మొహమ్మీద చెప్పాడు, ఎక్కడ మొదలెట్టాలో తెలీనివాళ్ళు తనకొద్దని.

తప్పు ఎవరిదైతే వాళ్ళు తీగల మీద ఆడించే విల్లు పైకెత్తి ఒప్పుకోవాలి. అక్కడి ఆనవాయితీ అది. ఆమె విల్లు ఎత్తబోయింది.

పక్క కుర్చీలో విల్లు అప్పటికే లేచింది.

"నేనేనండీ. అలవాటులో పొరపాటు."

హాలంతా గొల్లున నవ్వింది.

"మళ్ళీ మీరేనా బాబాయ్," అన్నాడు కండక్టరు, కోపం తెచ్చుకోబోయి నవ్వేస్తూ. "ఆర్నెల్లలో రిటైరవుతున్నారు కాబట్టి సరిపోయింది."

ఆయన్ని అక్కడ అందరూ తొందర బాబాయి అంటారు. వయోలాల్లో చిట్టచివరి వరసలో ముప్పై ఒక్కేళ్ళుగా అదే కుర్చీ. కొత్తగా ఎవరు చేరినా మొదటి ఏడాది ఆయన పక్కనే. ఇద్దరికీ కలిపి ఒకటే స్టాండు, ఒకటే పుస్తకం. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి అందరికంటే ముందే అందుకుని నవ్వులపాలవుతాడని పేరు. చేరిన కొత్తలో 'పోయి పోయి ఈయన పక్కన పడ్డానేంటి' అని కొత్తమ్మాయి తల కొట్టుకుంది కూడా.

విరామంలో క్యాంటీన్ మూల ఆయన్ని పట్టుకుంది.

"ఎందుకండీ అలా చేశారు?"

"ఏం చేశానమ్మా?"

"తప్పు నాది కదా."

"నీకు పర్మనెంటు అవ్వాలి. నాకు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నన్నేం చేస్తారు చెప్పు?"

"నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది. ముందు ఆ బిస్కట్టు తీసుకో, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"వయోలా అంటే వయొలిన్‌కి అక్క తల్లీ," అన్నాడాయన బిస్కట్టు టీలో ముంచుతూ. "ఒళ్ళు కాస్త ఎక్కువ, గొంతు కాస్త బొంగురు. పేరంతా చెల్లెలు కొట్టేస్తుంది. దాన్ని పట్టుకున్నాక పేరు గురించి బెంగ పెట్టుకుంటే ఎలా? ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మాటివ్వు."

మాటిచ్చింది. మరుసటి వారం ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆర్నెల్ల తర్వాత వీడ్కోలు సభలో వయోలాల వాళ్ళంతా కలిసి బాబాయికి ఒక గోడగడియారం బహూకరించారు.

"ఇంటి దగ్గరైనా టైముకి మొదలెట్టండి," అన్నాడు వయోలాల లీడరు.

అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ బాబాయే నవ్వాడు. కొత్తమ్మాయి లేవబోయింది గానీ, ఆయన అటునుంచి కళ్ళతోనే కూర్చోబెట్టేశాడు. ఆమె కూడా నలుగురితో పాటు నవ్వి, ఇంటికెళ్ళి అన్నం మానేసింది.

బాబాయి కుర్చీలోకి ఇంకొకాయన వచ్చాడు. ఒకరోజు టీ తాగుతూ, రెండో వరసావిడ ఆయనకి బాబాయి కథలు చెప్పడం మొదలెట్టింది.

"ఎనిమిది లెక్కపెట్టమంటే ఆరుకే లంకించుకున్నాడండీ. మొన్నటి సంగతే."

కొత్తమ్మాయికి ఇక ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఇచ్చిన మాట తప్పినా సరే అనుకుంది.

"అది ఆయన కాదండీ. నేను."

తిడతారనుకుని ఆమె తల దించుకుంది. ఎంతకీ ఎవరూ తిట్టలేదు.

రెండో వరసావిడ కప్పు కింద పెట్టింది.

"తొమ్మిదేళ్ళ కిందట రికార్డింగు రోజు, ఎర్రలైటు వెలుగుతుండగా..." అని ఆగి, చిన్నగా అంది, "అది నేను. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నాకూ అదే చెప్పారు," అంది గోడవారగా కూర్చున్న కళ్ళజోడావిడ.

"బిస్కట్టు పెట్టారా?" అని అడిగాడు కిటికీ దగ్గర కూర్చున్నాయన.

"పెట్టారు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్తగా వచ్చినాయన తప్ప ఆ గదిలో ఉన్న తొమ్మిది మందీ ఒకప్పుడు బాబాయి పక్కన కూర్చుని వచ్చినవాళ్ళే. ఇన్నేళ్ళూ ఎవరి గుట్టు వాళ్ళే దాచుకుని, పక్కవాళ్ళ తప్పుకి బాబాయిని చూసి నవ్వుతూ వచ్చారు.

అందరూ లీడరు వైపు చూశారు.

"నాది ఇరవై ఏళ్ళ కిందటిది," అన్నాడాయన. "ఆ తర్వాత లీడరు కుర్చీ ఖాళీ అయింది. ఆయనే సీనియరు. ఆయనకివ్వాల్సింది. తప్పుల మనిషని పక్కన పెట్టి నాకిచ్చారు."

కొత్తగా వచ్చినాయన అయోమయంగా అందరినీ చూశాడు.

"మరి ఆయన సొంతంగా చేసిన తప్పులేవండీ?"

తొమ్మిది మందీ టీలు చల్లారేదాకా ఆలోచించారు, ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కటీ దొరకలేదు.