విడి భాగాలు

"విడి భాగాలే మేలన్నయ్యా" అన్న మాట తలుపు సందులోంచి వచ్చి, మధ్యాహ్నం కునుకు తీస్తున్న వడ్రంగి మేస్త్రి చెవిలో మేకులా దిగింది.

కన్ను తెరవలేదు. చెవి మాత్రం బార్లా తెరిచాడు.

"నాన్న లేస్తారు, మెల్లగా మాట్లాడు." అది పెద్దకొడుకు గొంతు. "అన్నీ కలిసుంటే పూచీ ఒక్కడిదే అవుతుందిరా. విడివిడిగా ఉంటే, రేపు తేడా వచ్చినప్పుడు వాడు వీడి మీదికీ, వీడు వాడి మీదికీ తోసేస్తారు."

"కలిసున్నదాన్ని నమ్మలేం. పైకి తళతళ, లోపల డొల్ల. పైగా అన్నిటినీ ఒక్కచోట ఇరికిస్తే వేడెక్కి చస్తాయి. విడిగా ఉంటే వేడి ఉండదు" అన్నాడు చిన్నకొడుకు.

మేస్త్రికి నిద్ర విడిపోయింది. చెట్టుకి వేరుంటే బలం, ఇంటికి వేరంటే పగులు అని ఊరందరికీ చెప్పే మనిషి. తన ఇంట్లోనే చీలిక మొదలైందని ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం చిన్నాడి చొక్కా జేబు తడిమితే ఒక చీటీ దొరికింది. 'మదర్: ముందు ఇది తేలాలి. కేసు: పెద్దది. పవర్: అన్నయ్య చూసుకుంటాడు. ఆదివారం తేల్చేయాలి.'

చీటీ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు.

"ఏమే, నీ కొడుకులు వేరు పడుతున్నారు. కోర్టులో కేసు కూడా వేస్తారట, అదీ పెద్దది. పవరు పెద్దాడి పేరుకి రాయించుకుంటారు. మదరంటే నువ్వే. నువ్వెవరి వాటాకో అది ముందు తేలాలట."

ఆవిడ పొయ్యి మీద గిన్నెకి మూతపెట్టి, "ఎప్పుడట?" అంది.

"ఆదివారం."

"ఊఁ" అని చేతులు తుడుచుకుంది. దెబ్బకి పాపం నోటమాట పోయిందనుకున్నాడు మేస్త్రి.

మర్నాడు చూస్తే చిన్నాడు టేపు పట్టుకుని హాలు మూల కొలుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నావురా?"

"ఏం లేదు నాన్నా. ఎంత చోటొస్తుందో చూస్తున్నా."

"ఎవరికి?"

"అందరికీ తలా కాస్త."

కొలతల పనిలోనే జుట్టు నెరిసినవాడికి ఆ కొలత అర్థం కాకపోతుందా? ఆ రాత్రి అన్నం దగ్గర ఇద్దరు కొడుకుల మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ ఒకే పచ్చడిని ఒకేసారి అందుకోబోయి, "నువ్వు కానీ" అంటే "నువ్వు కానీ" అనుకున్నారు. ఈ మర్యాదంతా పంపకాల మర్యాదేనని ఖాయం చేసుకున్నాడు.

ఆదివారం పొద్దున అన్నదమ్ములిద్దరూ చెప్పులేసుకుంటుంటే గుమ్మానికి అడ్డుగడియలా నిలబడ్డాడు. కోడళ్లు వెనక చేరారు. భార్య వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఎక్కడికి?"

"తేల్చుకొద్దామని నాన్నా" అన్నాడు పెద్దాడు. "అయ్యాక మీకు చెబుదామనుకున్నాం."

"నేను బతికుండగా విడి భాగాలు కుదరవు. అన్నీ కలిసే ఉండాలి."

చిన్నాడు నోరు తెరిచాడు. "మీకు ఇవన్నీ తెలుసా నాన్నా?"

"తెలీకపోవడానికి నేనేమన్నా చెవిటివాణ్ణా? ముందు ఇది చెప్పండి. మదర్‌ని ఏం చేస్తారు?"

"అసలు ముఖ్యం అదే" అన్నాడు పెద్దాడు. "మంచి మదరైతే ఎన్ని తగిలించినా మోస్తుంది. పాతదాంతో లాభం లేదు నాన్నా, కొత్తది తేవాలి."

మేస్త్రి చెయ్యి తలుపు చట్రాన్ని వెతుక్కుంది. "కొత్త మదరా? నన్నొక్క మాటైనా అడక్కుండానే?"

"మీరు వద్దంటే మానేద్దాం. కేసు మాత్రం అద్దాలది చూశాం. లోపల జరిగేదంతా బయటికి కనబడుతుంది."

"ఇంటి గుట్టు వీధిలో పెడతారన్నమాట. మరి పవరు నీకెందుకురా?"

"వీడికి వదిలేస్తే చౌకరకం తెచ్చి ఇల్లు తగలబెడతాడు."

"తగలబెట్టడమెందుకు, కోసుకోండి. రంపం లోపలుంది" అంటూ మేస్త్రి చీటీ తీసి వాళ్ల ముందు పారేశాడు. "ఇంత ఇల్లు పంచుకోడానికి ఇంత చీటీ సరిపోయిందిరా మీకు?"

కొడుకులు చీటీ వంకా, తండ్రి వంకా చూశారు. ముందుగా అర్థమైంది పెద్దకోడలికి.

"మావయ్యా, అది ఇల్లు కాదు, కంప్యూటరు" అంది నవ్వాపుకుంటూ.

"టీవీ పాడైంది కదా నాన్నా" చిన్నాడు అందుకున్నాడు. "దాని బదులు, అందరం తలా కాస్త చోటు చూసుకుని కూర్చునేలా హాలు మూల కంప్యూటరు పెడదామని. మీకు సినిమాలు, నాకు ఆటలు. షాపువాడు బిగించి అమ్మేది కొనాలా, విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకోవాలా అని మా ఇద్దరికీ తగువు. విడిభాగాలంటే సామాన్లు, వాటాలు కావు. మదరంటే సామాన్లన్నీ గుచ్చే పలక. కేసంటే పైడబ్బా. పవరంటే కరెంటిచ్చే పెట్టె."

మేస్త్రి వంగి చీటీ తీసి, ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వు ఒక్క మాటగా అన్నావు, నేను రెండు మాటలుగా విన్నాను. మధ్యలో వేలెడు సందు. ఆ సందులో కొంప మునగబోయింది కదరా. పోనీ, బిగించి అమ్మేదే తెండి. ఈ ఇంట్లో విడిగా ఏదీ వద్దు."

కొడుకులు నవ్వారు, కోడళ్లు నవ్వారు. భార్య ఒక్కతే నవ్వలేదు.

"అయితే పంపకాలు లేనట్టేనా?" అంది.

"లేవే, లేవు. ఇంక నిశ్చింతగా ఉండు."

"అయ్యో. ఒక్కరికి సరిపడా కుక్కరు కొనుక్కొచ్చుకున్నానే."

మేస్త్రి నవ్వు సగంలో ఆగిపోయింది. "ఒక్కరికా? మరి నేనో?"

"మిమ్మల్ని చిన్నాడి వాటాలో వేశాను."