తెగిన కేబుల్

పడవలోకి లాగిన కేబుల్ చివర రోబో లేదు, కత్తితో కోసిన నున్నటి గాటు ఉంది.

జెస్సీ ఆ కొసను టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. అద్దంకి మిరపచేల మధ్య పెరిగిన ఆ పరిశోధక విద్యార్థినికి సముద్రం మీద ఇదే మొదటి పని. సముద్రం అడుగున తిరిగే రోబో ల్యాబ్‌కి ఉన్నది ఒకే ఒక్కటి, అది పోయిందంటే ఆమె పీహెచ్‌డీ కూడా దాంతోపాటే పోయినట్టు.

వాడరేవు దీపాలు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పడవలో తనూ, పడవ నడిపే పోలయ్యా, ఇద్దరే.

"నేను ల్యాప్‌టాప్ చూసుకుంటుంటే ఇదెవరు కోశారు బాబాయ్? సొరచేపా?"

పోలయ్య నవ్వలేదు. ఇంజను ఆపి చాలాసేపైంది. ఆ నిశ్శబ్దంలో పడవ అడుగును ఏదో మెల్లగా గీరుకుంటూ పోయింది.

"నీ మిషను ఎప్పుడు ఆగిందమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పావుగంటైంది. బ్యాటరీ అయిపోయిందని చెప్పాగా!"

"నేనే కోశాను తల్లీ. ఆగిపోయిన మిషను నీటివాలుకి ఎదురుగా కేబుల్ లాక్కుపోతోంది. వల అట్టా ఎదురు లాగితే మావోళ్లు ఏంటా అని చూడరు, కోసేస్తారు. నువ్వేమో జారిపోద్దని రెండో కొస నడుముకి కట్టుకున్నావు. నేను కోసేసరికి పడవలో నాలుగు బారల కేబులే మిగిలింది."