ముందు వరుస

"లోపలికి ఎల్లకండి మేస్టారూ. సెప్తన్నాను కదా."

తలుపుకు అడ్డంగా వేసుకున్న బల్ల వెనక నుంచి ఉష లేచి నిలబడింది. గోవిందరావు ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. తలుపుకు అవతల, రాజాం జట్టు యజమాని, ధాన్యం వ్యాపారి చంద్రమౌళి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. అది డ్రాఫ్టు రోజు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగులోని జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజు.

"త్రినాథ్ పేరు సెప్పేవా?"

"సెప్పేను."

"ఇన్నారా?"

"ఇంటారు. కూకోండి, టీ తెప్పిస్తాను."

"నీ టీ ఎవులికి కావాలమ్మా? బాబుగోరు జేమ్స్‌నే తీసుకుంటారు. ఆడు పరిగెడితే పోస్టరు మీద బాగుంటాది మరి!"

ఉష నవ్వలేదు. ఈ జట్టు వ్యవహారాలన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. గోవిందరావును పనిలోకి తీసుకున్నదీ ఆమే.

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒకప్పుడు విజయనగరంలో బరువులెత్తిన మనిషి. ఇప్పుడు ముందు వరుసకు కోచ్. ఆ వరుసలోని అయిదుగురూ బంతిని ముట్టుకోరు. బంతి విసిరేవాడి ముందు నిలబడి, వాణ్ణి పడగొట్టడానికి వచ్చేవాళ్లను తమ ఒంటి మీదికి తీసుకుంటారు. ఆట సాగినంతసేపూ వాళ్ల పేరు ఎవరికీ పట్టదు. బంతి విసిరేవాడు కిందపడితే మాత్రం అందరికీ వాళ్లే గుర్తొస్తారు.

త్రినాథ్‌ను అతను కళింగపట్నం ఒడ్డున చూశాడు. పడవను సముద్రంలోకి తోస్తున్నారు. అల రాగానే తక్కినవాళ్లు కళ్లు మూసుకుని భుజాలతో నెట్టారు. త్రినాథ్ ఒక్కడే కళ్లు తెరిచి, నడుము దించి, అర అడుగు వెనక్కి జరిగి పడవను నిలిపాడు. పడవలో ఉన్నతను బీడీ ముట్టించుకుంటున్నాడు. తల తిప్పి కూడా చూడలేదు. వీడే కావాలని గోవిందరావు ఆ క్షణంలోనే తేల్చుకున్నాడు. వీణ్ణి ఇంకో జట్టు ఎత్తుకుపోతే తన ఏడాది వెతుకులాట అంతా నీళ్లపాలు.

పోయినేడాది ఆఖరి ఆటలో అతను ఏరుకొచ్చిన వరుస కూలిపోయింది. బంతి విసిరే కుర్రాడి భుజం ఎముక విరిగింది. తన ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు గోవిందరావు. కానీ చంద్రమౌళి నుంచి ఒక్క మాట రాలేదు. అంత పెద్ద మనసుకు ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాలని అతని కోరిక.

ఈ ఉష కలవనిస్తేగా! చంద్రమౌళి మైదానానికి వస్తున్నాడనగానే శృంగవరపుకోటలో ఎవడో మంచి కుర్రాడున్నాడంటూ ఇతన్ని అటు తోలేస్తుంది. జట్టు ఫొటో తీసే రోజున హెల్మెట్ల పార్సిల్ తెమ్మని చీపురుపల్లి స్టేషనుకు పంపింది. పోస్టరు మీద అందరు కోచ్‌ల పేర్లూ ఉన్నాయి, ఇతనిది తప్ప. అడిగితే, "అచ్చేసినోళ్లు మర్సిపోయేరు మేస్టారూ" అంది. మనిషి ఉండీ లేనట్టు బతకడం ఎంత అవమానమో ఈమెకేం తెలుసు?

లోపలి నుంచి చంద్రమౌళి గొంతు వినిపించింది: "జేమ్స్!"

గోవిందరావు దిగ్గున లేచాడు. "అయిపోనాది! సెప్పేనా? సెప్పేనా నేను?"

"మేస్టారూ, ఆగండి."

"ఏటమ్మా నీ పెత్తనం? ఏడాదిగా సూస్తన్నాను. నాకూ ఆయనకీ మద్దిన గోడలాగ నిలబడ్డావు. నీకు నేనేటి సేసేను?"

ఉష ముఖం పాలిపోయింది. "ఏటీ సెయ్యలేదు. దణ్ణం పెడతాను, ఈ తలుపు మాత్రం తియ్యకండి."

బరువులెత్తిన చెయ్యి బల్లను అవలీలగా పక్కకు జరిపింది. ఉష అడ్డం వచ్చింది. ఆమెను తప్పించుకుని గోవిందరావు తలుపు తోశాడు.

"త్రినాథ్ బాబూ! త్రినాథ్‌ని తీసుకోండి!"

చంద్రమౌళి ఉలిక్కిపడి చూశాడు. "ఆణ్ణే తీసుకున్నాం కదయ్యా. ఉష పొద్దున్నే మరీమరీ సెప్పింది. జేమ్స్‌ని మనకన్నా ముందోళ్లు ఎత్తుకుపోయేరు."

టీవీ తెర మీద, రాజాం పక్కన, త్రినాథ్ పేరు వెలుగుతోంది. వెనక్కి తిరిగి ఉష ముఖం చూడటానికి గోవిందరావుకు సిగ్గేసింది. రెండు చేతులూ జోడించాడు.

"పోయినేడాది నా తప్పు కాసేరు బాబూ. ఈ గోవిందరావు అది మర్సిపోడు."

చంద్రమౌళి కళ్లజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత అతని భుజం మీదుగా, గుమ్మంలో నిలబడిపోయిన ఉష వైపు చూశాడు.

"ఈయన్ని పోయినేడాదే తీసేసేనన్నావు కదమ్మా?"