ముంజెర్ హస్తవాసి

"డాలర్ నోట్లే ఇవ్వు నాయనా. చెక్కు మాత్రం వద్దు," అంది నజ్లా టీచర్.

ముంజెర్ నవ్వాడు. ఈ రోజుల్లో బీరూట్‌లో చెక్కు తీసుకునే అమాయకులెవరున్నారు? ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి ఆవిడ దాచుకున్నదంతా బ్యాంకులో ఇరుక్కుపోయింది. కాగితం మీద బోలెడు, చేతికి చిల్లర. మిగిలింది ఈ నాలుగో అంతస్తులో ఇల్లొక్కటే. అదీ ఇవాళ ముంజెర్ చేతిలో పడుతోంది, సగానికి సగం ధరకి.

దేశం పనైపోయిందని బీరూట్ శివారంతా ఏడుస్తోంది. లీరా నోటు చిత్తుకాగితమైంది. పైన విమానాలు, కింద కరెంటు లేదు. కాస్త చదువూ డబ్బూ ఉన్నవాళ్ళు పారిస్‌కో దుబాయ్‌కో చెక్కేస్తున్నారు. ముంజెర్‌కి ఇదే అదను. మునిగిపోయే దేశంలోనే సరుకు చవగ్గా దొరుకుతుందని అతని సిద్ధాంతం. యుద్ధం ఎప్పటికైనా ఆగకపోదు. ఆగిన మర్నాడే ఈ పాత భవనం పడగొట్టి పన్నెండంతస్తులు లేపాలి. అందుకోసం పెళ్ళాం నగలూ, తండ్రి ఇచ్చిన ఆలివ్ తోటా అమ్మి ఇందులో పోశాడు. కింది మూడంతస్తులూ కొనేశాడు. ఈ నాలుగోది రాకపోతే ఆ మూడూ ఎందుకూ కొరగావు.

కొన్న తీరు కూడా వింతే. శత్రువు బాంబు వేసేముందు ఒక్కోసారి ఇంటికి ఫోను చేసి ఖాళీ చెయ్యమంటాడు. అలాంటి ఫోను వచ్చిన ఇంటి మీద ఎవడు డబ్బు పెడతాడు? ముంజెర్ పెట్టాడు. కింద మూడిళ్ళకీ ఒకదాని తర్వాత ఒకదానికి ఫోను వచ్చింది. ముగ్గురూ వణికిపోతూ, ఇచ్చినంత పుచ్చుకుని పిల్లాజెల్లాతో వెళ్ళిపోయారు. బాంబు మాత్రం పడలేదు. దాంతో ముంజెర్ హస్తవాసి మంచిదని వీధిలో పేరొచ్చింది. మా ఇల్లు కూడా కొనరాదూ, దానికీ ఏమీ కాకుండా ఉంటుంది, అని పక్కవీధి కిరాణా కొట్టాయన ఎగతాళి కూడా చేశాడు.

నజ్లా టీచర్ మాత్రం ఆ మూడు ఫోన్లనీ చెవిన పెట్టలేదు. కాపురానికి వచ్చింది ఈ ఇంటికే, మొగుడు పోయింది ఈ ఇంట్లోనే. ముంజెర్ నెల్లాళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు. చిన్నప్పుడు తన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నవాడు కదా అని ఆవిడ కాఫీ ఇచ్చి, కబుర్లు చెప్పి పంపేసేది. చివరికి ఇవాళ పొద్దున ఆవిడ ఫోను కూడా మోగింది.

సంతకం పెట్టి, తాళాలు బల్ల మీద ఉంచాక ఆవిడ ఆ సంగతి చెప్పింది.

"పుస్తకాల అరబ్బీలో మాట్లాడాడు నాయనా. ఇల్లు వదిలి పొమ్మన్నాడు. అంతా చెప్పి, ఆఖర్న 'యల్లా, బై' అన్నాడు. మన అలవాట్లు వాళ్ళకీ అంటుకున్నట్టున్నాయి."

"చూశారా టీచర్, వాళ్ళ గూఢచారులు మనలో ఎంతగా కలిసిపోయారో," అన్నాడు ముంజెర్.

అతని బావమరిది హాదీ ఆవిడ పెట్టె భుజానికెత్తుకున్నాడు. టాక్సీ ఎక్కించి, అటునుంచటే కనాఫె పట్టుకొస్తానన్నాడు. భవనం మొత్తం చేతికొచ్చిన రోజున నోరు తీపి చేసుకోకపోతే ఎలా?

గుమ్మం దాకా వెళ్ళిన టీచర్ వెనక్కి తిరిగింది. "నువ్వు కూడా ఇక్కడ ఉండకు ముంజెర్. ఇల్లు పోతే పోయింది. నీకు పసిపిల్లలున్నారు."

"నాకేం కాదు టీచర్. మీరు జాగ్రత్తగా వెళ్ళండి."

అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఆవిడ మెట్లు దిగే చప్పుడు వినిపించినంత సేపు ఉంది.

తర్వాత గదులన్నీ తిరిగాడు. గోడలు తట్టి చూశాడు. పడగొట్టబోయే గోడలే అయినా తనవి కదా. బాల్కనీలోంచి చూస్తే వీధి బోసిగా ఉంది. పైన ఎక్కడో 'కామెల్ తల్లి' రొద పెడుతోంది. డ్రోనుకి శివారు జనం పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇవాళ ఆ తల్లి కాస్త కిందికి దిగినట్టుంది. అయినా ముంజెర్‌కి ఆ రొద పెళ్ళిమేళంలా వినిపించింది. టీచర్ వదిలేసి వెళ్ళిన గిన్నెలో ఇంకా కాఫీ ఉంటే కప్పులో పోసుకుని సోఫాలో కాళ్ళు చాపుకున్నాడు.

హాల్లో టీచర్ ల్యాండ్‌లైను ఫోను మోగింది.

తీశాడు. అవతల మగగొంతు. పుస్తకాల అరబ్బీ. భవనంలో ఉన్నవాళ్ళు తక్షణం బయటికి వచ్చి దూరంగా వెళ్ళిపోవాలని, ఇదే చివరి హెచ్చరిక అని చెప్పింది.

ముంజెర్‌కి నవ్వాగలేదు. "అలాగేలే నాయనా, ఈ కాఫీ తాగేసి వెళ్తాను," అన్నాడు.

అవతలి గొంతు అవే మాటలు మళ్ళీ ఒకసారి చదివి పెట్టేసింది. ముంజెర్ నవ్వుకుంటూ వచ్చి సోఫాలో కూలబడి, కప్పు అందుకున్నాడు. మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడైంది.

కనాఫె పొట్లంతో లోపలికొచ్చిన హాదీ, జేబులోంచి తన సెల్లు తీసి సోఫా మీదికి విసిరేసి, "నీ ఫోను ఒకసారి ఇవ్వు బావా, పొద్దున పంతులమ్మకి 'ఇల్లు ఖాళీ చెయ్యి' అని ఫోను చేసినప్పట్నుంచీ నాది చచ్చి పడుంది," అన్నాడు.